సర్క్యులర్ మీద ఎర్ర సున్నాలు

కడప నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టింది జమ్మలమడుగు దగ్గర పల్లెలో. పదో తరగతి దాకా ఊరి బళ్లో తెలుగు మీడియం. ప్రొద్దుటూరులో చేసిన డిగ్రీ కూడా తెలుగు మీడియమే. భర్తకు కడపలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. ఈమె ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూలు ఆఫీసులో గుమాస్తా. అడ్మిషన్లు, టీసీలు, ఫీజు రసీదులు చూసుకుంటారు. కొడుకు ఎనిమిదో తరగతి, కూతురు ఐదు, ఇద్దరూ అక్కడే. ఉద్యోగి పిల్లలని ఫీజు సగమే కట్టించుకుంటారు.

పోయిన ఏడాది నుంచి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు సర్క్యులర్లు పంపే పని కూడా ఈమె మీదే పడింది. ఈమధ్య పంపిన ఒక సర్క్యులర్‌ను ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశారు. ఇంగ్లీషులో రాసిన ఆ మాటలు తెలుగు లిపిలో ఇలా ఉంటాయి: "డియర్ పేరెంట్స్ , స్కూల్ విల్ బి క్లోజ్డ్ ఆన్ ఫ్రైడే , సాటర్‌డే స్పెషల్ క్లాసెస్ ఫర్ టెన్త్ క్లాస్ , ఫీ'స్ షుడ్ బి పెయిడ్ బిఫోర్ మండే , ఐ రిక్వెస్ట్ ఆల్ పేరెంట్స్ టు కోఆపరేట్ !!!" వారాల పేర్లన్నీ చిన్న అక్షరాలతోనే మొదలయ్యాయి. "ఐ" కూడా చిన్నదే. ఫుల్‌స్టాప్ ఒక్కటీ లేదు.

ఒక తండ్రి దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి, "ఇదేనా మీ స్కూలు ఇంగ్లీషు?" అని అదే గ్రూపులో పెట్టాడు. కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. మర్నాడు ప్రిన్సిపాల్ స్టాఫ్ అందరి ముందూ "ఇకమీదట జాగ్రత్త" అన్నారు. శనివారం విషయం అర్థం కాక ఎంతోమంది ఫోన్లు చేశారు. కువైట్‌లో ఉన్న ఒక తండ్రి అక్కణ్నుంచి ఫోన్ చేసి, పిల్లాణ్ని పంపాలా వద్దా అని అడిగాడట. ఇదంతా ఒక ఎత్తు. కొడుకు ఇంటికొచ్చి, "ఈసారి పేరెంట్స్ మీటింగుకు నాన్న వస్తే చాల్లేమ్మా" అనడం ఇంకో ఎత్తు.

ఉత్తరం చివర ఆమె మాటలివి: "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు మేడమ్. ఏది పెద్ద ఏబీసీడీల్లో రాయాల్నో, ఏది చిన్న ఏబీసీడీల్లో రాయాల్నో తెలీక ఇప్పుడు మొత్తం పెద్ద అక్షరాల్లోనే పంపుతాండాను. అదీ తప్పేనంట. ఉద్యోగం మానుకోవాల్నా? ఈ వయసులో నేర్చుకుంటే వస్తాదా? మావానికి ఏం చెప్పాల?"

అమ్మా, ముందు మీ సర్క్యులర్ సంగతే మాట్లాడదాం. మిగతా బాధలన్నీ దాన్నుంచే మొదలయ్యాయి కాబట్టి దాన్ని సరిగ్గా చూస్తే సగం బరువు తగ్గుతుంది.

ఆ తండ్రి ఎక్కడెక్కడ ఎర్ర సున్నాలు చుట్టాడో మీరు రాశారు. వారాల పేర్ల మొదటి అక్షరాలకు, చిన్న "ఐ"కి, ఫీజుల మాటలో దూరిన చిన్న కొక్కేనికి, అంటే అపాస్ట్రఫీకి, చివరి మూడు ఆశ్చర్యార్థకాలకు. ఇవన్నీ తప్పులే, కాదనను. కానీ వీటి వల్ల ఏ తల్లీ పిల్లాణ్ని తప్పు రోజున బడికి పంపలేదు. "మండే" చిన్న అక్షరంతో రాసినా సోమవారమే. అసలు ఇబ్బంది తెచ్చింది ఆయన సున్నా చుట్టని చోటు. ఫ్రైడే తర్వాత కామా పెట్టి, వెంటనే సాటర్‌డే అన్నారు. రెండు వారాల పేర్లు పక్కపక్కన, మధ్యలో కామా. చదివేవాళ్లు దాన్ని "శుక్ర, శనివారాలు సెలవు" అనుకోకుండా ఎలా ఉంటారు? కువైట్ నుంచి ఫోన్ వచ్చింది ఆ ఒక్క కామా వల్లే.

కాబట్టి మీ తప్పులన్నీ ఒక్క రకం కావు. కొన్ని అర్థాన్నే మార్చేస్తాయి. కొన్ని అర్థాన్ని ముట్టుకోవు గానీ, రాసినవాళ్ల మీద చిన్నచూపు తెస్తాయి. మరికొన్ని ఎవరూ పట్టించుకోనివి, వాటి మీద ఇంగ్లీషువాళ్లకే ఏకాభిప్రాయం లేదు. మీరు వీటన్నిటినీ కలిపి ఒకే మూటగా కట్టి, "నాకు ఇంగ్లీషు రాదు" అని పేరు పెట్టుకున్నారు. ఆ మూట విప్పుదాం. అర్థాన్ని మార్చేవాటిని మొదట పట్టుకోవాలి, పరువు తీసేవాటిని తర్వాత. మూడో రకాన్ని వదిలేయవచ్చు.

ఫుల్‌స్టాప్ దగ్గర మొదలుపెడదాం. మీరు ఫుల్‌స్టాప్ పెట్టాల్సిన చోటల్లా కామా పెట్టారు. తెలుగు మీడియంలో చదివిన చాలామందిలో ఈ అలవాటు ఉంటుంది. అది బద్ధకం వల్ల వచ్చింది కాదు. మన వాక్యం నడిచే తీరే అది. "పిల్లలకు క్యారియర్లు కట్టి, ఆటో ఎక్కించి, ఆఫీసుకొచ్చి, రిజిస్టర్ తెరిచి కూర్చున్నాను" అంటాం. ఎన్ని పనులైనా కట్టి, ఎక్కించి, వచ్చి, తెరిచి అని కలుపుకుంటూ పోతాం. అసలు క్రియ చివర ఒకటే. మధ్యలో కామా పెట్టినా, మానేసినా చదివేవాడు తడబడడు. ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా మన చెయ్యి ఆ వరసలోనే పోతుంది. కానీ అక్కడ "స్కూల్ విల్ బి క్లోజ్డ్ ఆన్ ఫ్రైడే" అనేసరికి వాక్యం అయిపోయింది. కర్త ఉంది, క్రియ ఉంది, చెప్పాల్సింది చెప్పేశారు. ఇక అక్కడ కామా చాలదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదంటే కామా తర్వాత "అండ్", "బట్", "సో" లాంటి మాటొకటి రావాలి.

దీనికి గ్రామరు పుస్తకం అక్కర్లేదు. రాసింది పైకి చదవండి. ఇక్కడ ఆపేసి ఫోన్ పెట్టేస్తే అవతలివాళ్లకు విషయం అందుతుందా? అందితే అక్కడ ఫుల్‌స్టాప్. మీ సర్క్యులర్‌కు ఈ పరీక్ష పెడితే ఇలా అవుతుంది: "స్కూల్ విల్ బి క్లోజ్డ్ ఆన్ ఫ్రైడే. ఆన్ సాటర్‌డే, దేర్ విల్ బి స్పెషల్ క్లాసెస్ ఫర్ ది టెన్త్ క్లాస్ ఓన్లీ. ఫీజ్ షుడ్ బి పెయిడ్ బిఫోర్ మండే." మూడు విషయాలు, మూడు వాక్యాలు. ఇందులో నేను కొత్తగా చేర్చిన మాటలు తక్కువే. ఆ "ఓన్లీ" మాత్రం విలువైనది, మిగతా తరగతుల తల్లిదండ్రులు ఫోన్ చేయాల్సిన పని తప్పిస్తుంది.

కామాను సరిగ్గా పెట్టలేకపోవడం తెలుగు మీడియం వాళ్ల జబ్బని మాత్రం అనుకోకండి. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం ఉంది. ఓవర్‌టైమ్ జీతం ఏయే పనులకు వర్తించదో అక్కడి చట్టంలో ఒక జాబితా రాశారు. చివర "రవాణా కోసం ప్యాకింగ్ చేయడం లేదా పంపిణీ" అనే చోట "లేదా"కు ముందు కామా పెట్టలేదు. పాల కంపెనీ ఒకదాని డ్రైవర్లు కోర్టుకెళ్లి, "కామా లేదు కాబట్టి అది ప్యాకింగ్ గురించే చెబుతోంది. మేం ప్యాకింగ్ చేయం, సరుకు పంపిణీ చేస్తాం. మాకు ఓవర్‌టైమ్ రావాలి" అని వాదించారు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందని తేల్చి డ్రైవర్ల పక్షం నిలిచింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ 50 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ చట్టం రాసింది పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే.

మీ టైపింగులో ఇంకో చిన్న సంగతి కనబడింది. కామాకు ముందు కూడా ఖాళీ వదులుతున్నారు. ముందు మాటకు కామా అంటుకుని ఉండాలి, ఖాళీ తర్వాతే రావాలి. ఫుల్‌స్టాప్‌కూ ప్రశ్నార్థకానికీ ఇదే పద్ధతి. ముందు ఖాళీ వదిలితే ఫోన్ తెరమీద లైను నిండినప్పుడు కామా ఒక్కటే కిందికి జారి కొత్త లైను మొదట్లో పడుతుంది. చదువుకున్నవాళ్ల కళ్లకు అది ఠక్కున కనబడుతుంది. సరిచేయడం మాత్రం రెండు రోజుల పని.

ఇక పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు. మిమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మన తెలుగులో "క" అంటే ఒకటే "క". మనిషి పేరు మొదట్లో ఉన్నా, వాక్యం నడుమ ఉన్నా దాని రూపం మారదు. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ రెండు రూపాలు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో మనకు ఆ రెండు రూపాలూ దిద్దించారు. కలిపిరాత కూడా దిద్దించారు. ఏ రూపం ఎక్కడ వాడాలో మాత్రం చాలా బళ్లలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. గైడులో చూసి బట్టీ పట్టి పరీక్షలో దించేసినప్పుడు అవి వాటంతట అవే సరిగ్గా పడేవి. సొంతంగా రాయాల్సి వచ్చేసరికి ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకుంటారు.

తోచినట్టు రాయడంలో కూడా ఒక వరస ఉంది. మీరు పంపిన మిగతా సర్క్యులర్లు చూశాను. మండే చిన్న అక్షరంతో రాసిన మీరే పేరెంట్స్, ప్రిన్సిపాల్, స్కూల్, సర్, మేడమ్ అనేవాటిని ఎక్కడొచ్చినా పెద్ద అక్షరంతో మొదలుపెట్టారు. ఎందుకో నాకు అర్థమైంది. గౌరవం. తల్లిదండ్రుల్ని, ప్రిన్సిపాల్ గారిని చిన్న అక్షరంతో ఎలా రాస్తాం అని చెయ్యి ఆగిపోతుంది. కానీ అమ్మా, ఇంగ్లీషులో పెద్ద అక్షరం మన "గారు" కాదు. "నేను" అనే మాటను వాళ్లు ఎప్పుడూ పెద్ద అక్షరంతో రాస్తారు, "మీరు" అనే మాటను చిన్న అక్షరంతో రాస్తారు. గౌరవం లెక్కైతే అది తలకిందులుగా ఉండాలి కదా! పెద్ద అక్షరం చేసే పనులు ప్రధానంగా రెండే: కొత్త వాక్యం మొదలైందని చెప్పడం, ఇది ఫలానా ఒక్కదానికి పెట్టిన పేరు అని చెప్పడం. "ఐ" ఒక్కటీ విడిగా గుర్తుపెట్టుకోండి, వాక్యంలో ఎక్కడొచ్చినా పెద్దదే.

ఇది పట్టుకుంటే మీ ఆఫీసు పనిలో వచ్చేవన్నీ దాదాపు తేలిపోతాయి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, కడప, పులివెందుల, రాజంపేట, పెద్ద అక్షరంతో మొదలవుతాయి. వారాలు, నెలలు పెద్ద అక్షరమే. పండుగలు, అంటే ఉగాది, రంజాన్, క్రిస్మస్, పెద్ద అక్షరమే. రుతువులకు మాత్రం అక్కర్లేదు. "సమ్మర్ హాలిడేస్" అని వాక్యం మధ్యలో రాస్తే రెండూ చిన్న అక్షరాలే. భాషల పేర్లు తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు ఎక్కడొచ్చినా పెద్ద అక్షరంతోనే. మ్యాథ్స్, సైన్స్ అనేవి సబ్జెక్టులను ఉద్దేశించి మామూలుగా వాక్యంలో వస్తే చిన్న అక్షరం చాలు. పరీక్షల టైంటేబుల్లో గడుల్లో రాసేటప్పుడు అన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టినా ఎవరూ తప్పనరు, అది శీర్షికల పద్ధతి. "క్లాస్ 10" అని అంకెతో రాస్తే పెద్ద అక్షరం, "టెన్త్ క్లాస్" అని మామూలుగా రాస్తే చిన్నది. ఉత్తరం మొదట్లో "డియర్ పేరెంట్స్" అన్నప్పుడు పెద్ద అక్షరాలు ఉత్తరాల ఆచారం. "ఆల్ పేరెంట్స్ ఆర్ రిక్వెస్టెడ్" అన్నప్పుడు పేరెంట్స్ చిన్న అక్షరమే. సంతకం కింద హోదాగా "ప్రిన్సిపాల్" పెద్ద అక్షరం. "మీట్ ది ప్రిన్సిపాల్" అని వాక్యంలో వస్తే చిన్నది. ప్రిన్సిపాల్ గారు ఏమీ అనుకోరు. అనుకుంటే పెద్ద అక్షరంతోనే రాయండి, అది మూడో రకం తప్పు, కొన్ని ఆఫీసుల్లో అదే పద్ధతి.

ఉత్తరం చివర "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" రాస్తారు కదా, అందులో మొదటి మాటకే పెద్ద అక్షరం. రెండోది చిన్నదే, తర్వాత కామా. మన వైపు ఆఫీసు ఉత్తరాల్లో ఇది ఎక్కువగా తప్పుగానే కనబడుతుంది.

ఈ నియమాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ప్రాణం, స్వేచ్ఛ, ఆనందం అనే మామూలు మాటలను కూడా వాక్యం నడుమ పెద్ద అక్షరాలతోనే రాశారు. అప్పట్లో అలా రాసేవాళ్లు ఎందరో ఉన్నారు. తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు అమల్లో ఉన్న పద్ధతి ఇది, దీన్ని ఎవరైనా ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు. తెలివితో దీనికి సంబంధం లేదు.

అన్నీ పెద్ద అక్షరాల్లో పంపడం మాత్రం ఈ రోజే మానేయండి. అందులో వాక్యం ఎక్కడ మొదలైందో, ఏది పేరో తెలిపే గుర్తే పోతుంది, అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉండిపోతాయి. పైగా ఫోన్లో అలా వచ్చిన మెసేజీ గద్దించినట్టు ఉంటుంది. ఫీజు గురించి రాసినప్పుడైతే మరీ. మీరు భయపడి రాశారు, చదివేవాళ్లు మాత్రం స్కూలు తమను కేకలేస్తోందనుకుంటారు. చివరి మూడు ఆశ్చర్యార్థకాలూ అలాంటివే. సర్క్యులర్‌లో ఆ గుర్తుతో మీకు అసలు పనే రాదు.

అపాస్ట్రఫీ, అంటే అక్షరం నెత్తిన పెట్టే చిన్న కొక్కెం. మనవాళ్లు చివర "స్" శబ్దం వినబడితే చాలు దాన్ని పెట్టేస్తారు. ఒకటి కంటే ఎక్కువ అని చెప్పడానికి అది వద్దు. ఫీజ్, బుక్స్, స్టూడెంట్స్ రాయడానికి కొక్కెం అక్కర్లేదు. ఒకరిది, ఫలానావాళ్లది అని చెప్పేటప్పుడే కావాలి. ఎవరిదో ఆ మాటను మొదట పూర్తిగా రాయండి. ఒక స్టూడెంటుది అయితే స్టూడెంట్ అని రాసి, కొక్కెం పెట్టి, ఎస్ చేర్చండి. చాలామంది స్టూడెంట్లది అయితే స్టూడెంట్స్ అని ఎస్‌తో సహా రాసేశాక కొక్కెం పెట్టండి, ఇంకో ఎస్ వద్దు. సెప్టెంబర్ 5న టీచర్స్ డే సర్క్యులర్ పంపుతారు కదా, అందరు టీచర్లదీ కాబట్టి కొక్కెం ఎస్ తర్వాత వస్తుంది. నవంబర్ 14న చిల్డ్రన్స్ డేకు మాత్రం ఎస్‌కు ముందే. ఎందుకంటే చిల్డ్రన్ అనే మాటే పిల్లలందరినీ చెబుతోంది, అందులో ఎస్ లేదు. మన ఊళ్లలో మగపిల్లల హాస్టళ్ల బోర్డులు గమనించండి. చాలావాటి మీద కొక్కెం ఎస్‌కు ముందే ఉంటుంది. అలా రాస్తే ఒకే ఒక్క అబ్బాయి ఉండే హాస్టల్ అని అర్థం. పెయింటర్లు రాశారు, వార్డెన్లు చూశారు, ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. వాటి చుట్టూ ఎవరూ ఎర్ర సున్నాలు చుట్టలేదు.

మిస్టర్, డాక్టర్ అనే పొట్టి మాటల తర్వాత చుక్క పెట్టాలా వద్దా అని కూడా అడిగారు. అమెరికావాళ్లు పెడతారు, బ్రిటిష్ వాళ్లు చాలావరకు మానేశారు. మీరు ఏదో ఒకటి ఎంచుకుని ప్రతిసారీ అలాగే రాయండి.

ఈ వయసులో వస్తుందా అన్నారు. వస్తుంది. కానీ లావుపాటి గ్రామరు పుస్తకం కొని మొదటి పేజీ నుంచి మొదలుపెడితే పది రోజుల్లో అలసిపోతారు. మీరే పంపిన పాత సర్క్యులర్లు తీసుకోండి. మొదటి వారం ఫుల్‌స్టాపులు మాత్రమే చూడండి, మిగతా తప్పులు కనబడినా వదిలేయండి. అది చేతికి అలవాటయ్యాక పెద్ద అక్షరాలకు రండి. అపాస్ట్రఫీ చివర. ఇంకో మేలు కూడా ఉంది. ఫోన్లో ఫుల్‌స్టాప్ పెట్టి ఖాళీ వదిలితే తర్వాతి అక్షరాన్ని చాలా ఫోన్లు వాటంతట అవే పెద్దది చేస్తాయి. ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి టైపు చేస్తే మాత్రం ఆ సాయాన్ని నమ్ముకోలేం. మీ సర్క్యులర్లలో కొన్ని బాగుండి కొన్ని పాడవడానికి ఇదే కారణం కావచ్చు, ఒకసారి చూసుకోండి.

ఉద్యోగం సంగతి. మానేస్తే రేపటి నుంచి ఆ గ్రూపు చూడాల్సిన పని ఉండదు, నిజమే. కానీ ఇద్దరు పిల్లల ఫీజు తగ్గింపు పోతుంది. మీ ఆయన అంగడి ఆదాయం మీదే మొత్తం పడుతుంది. ఇంకో ఆఫీసులో చేరినా అక్కడా ఏదో ఒక ఉత్తరం రాయాల్సి వస్తుంది. ఈ కారణం ఒక్కదానికే మానడం నాకు సబబుగా తోచడం లేదు. అక్కడ ఇంకా వేరే ఇబ్బందులు ఉంటే అది వేరే మాట, మీరు రాయలేదు.

సర్క్యులర్ల పని వద్దని చెప్పి ఫీజు కౌంటర్‌కే పరిమితం కావచ్చు. మనశ్శాంతి వెంటనే దొరుకుతుంది. కాకపోతే ఆ పనితో పాటు ఆఫీసులో మీ మాట విలువ కూడా కొంత తగ్గుతుంది. రేపు జీతం పెంచమని అడిగేటప్పుడు అది అడ్డొస్తుంది. ఆరోగ్యం దెబ్బతినేంత బాధగా ఉంటే కొన్నాళ్లకు మాత్రమే అలా అడగండి. ఒక టర్మ్ అని గడువు మీరే చెప్పండి.

ఫోన్లలో తప్పులు దిద్దే సాధనాలు ఉన్నాయి. చిన్న "ఐ"ని, చిన్న "మండే"ని పట్టుకుంటాయి. వాడుకోండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ సెలవు శుక్రవారమా, శనివారం కూడానా అన్నది వాటికి తెలియదు. మీ మనసులో ఉన్నది మీకే తెలుసు. పైగా మన పిల్లల పేర్లను, ఊళ్ల పేర్లను అవి ఏదో ఇంగ్లీషు మాటగా మార్చేసే ప్రమాదం ఉంది. టీసీల విషయంలో అసలు నమ్మొద్దు.

నాకు అన్నిటికంటే నచ్చేది రెండో మనిషి కంటితో చూపించడం. పంపేముందు ప్రతి సర్క్యులర్‌నూ ఇంగ్లీషు టీచర్ ఒకరు చదవాలి. ఇది మీకు చేసే సాయంలా కాకుండా ఆఫీసు పద్ధతిగా ఉండాలి. మీ ఊళ్లోనే ఒక ఉదాహరణ ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తెలుగులో అంత పని చేసిన మనిషి, ఒంటరిగా చేయలేదు. తన బంగళాలో పండితులను జీతమిచ్చి పెట్టుకుని, రాతప్రతులను వాళ్లచేత సరిచూపించేవాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయం మీరు చూసే ఉంటారు. తనది కాని భాషలో పనిచేసేటప్పుడు ఇంకొకరికి చూపించుకోవడం పద్ధతైన పని. దీనివల్ల ఒక పూట ఆలస్యం కావచ్చు. ఆ టీచర్ విసుక్కోవచ్చు కూడా. అందుకే ఆ మాట మీ నోటి నుంచి కాక ప్రిన్సిపాల్ నోటి నుంచి రావాలి.

దీనికి తోడు ప్రతి సర్క్యులర్ కింద తెలుగులో రెండు వాక్యాలు రాయండి. ఇంటి దగ్గర తాతో అవ్వో పిల్లల్ని చూసుకునే ఇళ్లు మీ స్కూల్లోనూ ఉంటాయి. తండ్రి కువైట్‌లో ఉంటే సర్క్యులర్ చదవాల్సింది వాళ్లే. "ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగేంటి" అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, యాజమాన్యం కూడా మొదట ఒప్పుకోకపోవచ్చు. వచ్చే ఫోన్లు తగ్గాక ఒప్పుకుంటుందని నా నమ్మకం.

ఎర్ర సున్నాల తండ్రికి గ్రూపులో జవాబివ్వాలా అని మథనపడుతున్నారు. ఇవ్వకపోతే ఆ ఫొటో నాలుగు రోజుల్లో పాత మెసేజీల కింద పడిపోతుంది, మీ లోపల మాత్రం కొంత మిగులుతుంది. వాదనకు దిగితే ఇంకో నలుగురు తోడవుతారు, మీ పేరు మళ్లీ మళ్లీ నానుతుంది. సరిదిద్దిన సర్క్యులర్‌ను మళ్లీ పంపి, "శనివారం పదో తరగతికి మాత్రమే. గందరగోళానికి క్షమించండి" అని రాస్తే అసలు తప్పును మీరే దిద్దినట్టవుతుంది. నేనైతే ఇదే చేస్తాను. తల్లిదండ్రులు చర్చలు పెట్టుకోకుండా అడ్మిన్లు మాత్రమే మెసేజీలు పెట్టేలా గ్రూపును మార్చే వీలు కూడా ఉంది. అయితే అప్పుడు వాళ్ల సందేహాలన్నీ ఫోన్ల రూపంలో మీకే వస్తాయి, ఆలోచించుకోండి.

మీ అబ్బాయి విషయం రాస్తూ మీరు ఆ పేజీలో రెండు చోట్ల కొట్టివేశారు. ఎంత నొచ్చుకున్నారో తెలుస్తోంది. వాడికి పదమూడు, పద్నాలుగేళ్లు. తోటి పిల్లల ఫోన్లో అమ్మ రాసిన కాగితం మీద ఎర్ర సున్నాలు చూశాడు. వాడు మిమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడో, మీరు ఇంకోసారి నవ్వులపాలవుతారని భయపడ్డాడో ఆ ఒక్క మాటతో తేల్చలేం. మీటింగుకు వెళ్లకపోతే ఈసారికి వాడికి ఊరట, కానీ అమ్మ దాక్కోవాల్సిన పనే చేసిందని వాడి మనసులో నాటుకుపోతుంది. ఏమీ మాట్లాడకుండా వెళ్లి కూర్చుంటే వాడు ఆ గంటసేపూ ముళ్ల మీద ఉంటాడు. అంతకంటే ముందే ఒక సాయంత్రం ఆ సర్క్యులర్‌ను వాడి ముందు పెట్టండి. ఏ తప్పు వల్ల ఫోన్లు వచ్చాయో, ఏవి వట్టి పరువు తప్పులో మీరే చూపించండి. వాడు ఆ ఫ్రైడే పక్కన కామాను ముందే పట్టుకుంటే పట్టుకోనివ్వండి. కానీ రోజూ మీ సర్క్యులర్లు దిద్దే పని వాడి మీద పెట్టొద్దు. మొదట్లో గర్వంగా చేస్తాడు, తర్వాత మీ తప్పులకు తానే జవాబుదారీ అనుకుంటాడు. ఆ బరువు వాడికి వద్దు. మీటింగుకు ఎవరు వెళ్లాలో ఆ మాటలయ్యాక ముగ్గురూ కలిసి నిర్ణయించుకోండి. మీరూ మీ ఆయనా ఇద్దరూ వెళ్లినా బాగుంటుంది.

స్టాఫ్ ముందు ప్రిన్సిపాల్ అన్న మాట మీకు గుచ్చుకుంది. న్యాయమే. ఎవరూ నేర్పకుండా, ఎవరూ సరిచూడకుండా సర్క్యులర్ల పని మీకు అప్పగించారు, తప్పు దొర్లాక అందరి ముందూ అన్నారు. ఈ వారంలో ఒకసారి ఆయన్ను ఒంటరిగా కలవండి. ఫిర్యాదులా కాకుండా ఇలా అడగండి: "సర్, ఆ రోజు శనివారం విషయంలో గందరగోళమైంది నిజమే. ఇకమీదట ప్రతి సర్క్యులర్‌నూ ఇంగ్లీషు టీచర్ ఒకరు చూసి సంతకం పెట్టాకే పంపేలా మీరు చెప్పండి. కింద తెలుగులో కూడా రాస్తాను. ఏదైనా తప్పుంటే నన్ను పిలిచి చెప్పండి సర్, అందరి ముందూ వద్దు." చివరి వాక్యం అనడానికి గొంతు రాకపోతే మొదటి రెండు అడిగి రండి, అది ఇంకోసారి అడగొచ్చు. ఆయన కాదంటే ఆ మాటలే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దాన్ని తెలుగులోనే రాయండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.